రొద లేని వైపు

యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేసే కొట్టు. మధ్యాహ్నం. బల్ల మీద మూత విప్పిన బేస్ గిటారు, దాని ముందు కొట్టు నడిపే అక్క, పక్కన నిలబడి దాన్ని వాయించే తమ్ముడు.

"ఇదేంట్రా, దీని పొట్ట నిండా ఈ వెండి కాగితం?"

"రేకు అక్కా. వంటింట్లోది."

"తిండి చుట్టే రేకా?"

"లోపల రేకు అంటిస్తే రొద పోతుందని ఎవరో అన్నారు. అంటించా."

"ఎవరో అన్నారట! సొంత అక్క పొద్దస్తమానం ఇదే పని చేస్తూ ఇక్కడ ఏడుస్తుంటే, ఎవరో అన్నారట. పోయిందా మరి?"

"పెరిగింది."

"పెరగక చస్తుందా! ఊరికే అంటిస్తే చాలదురా. గాల్లో తిరిగే కరెంటు రొదంతా ఈ రేకు పడుతుంది. పట్టింది ఎటైనా దిగిపోవాలి కదా? దానికి ఎర్త్ వైరు కలపాలి. నువ్వు చేసింది తూము లేకుండా డాబా వేసినట్టుంది. నీళ్లన్నీ నెత్తి మీదే."

"అందుకే కదా నీ దగ్గరికి తెచ్చా."

"ఎప్పుడు తెచ్చావు? సాయంత్రం ప్రోగ్రాం పెట్టుకుని ఇప్పుడు తెచ్చావు."

"తిట్లు తర్వాత. ముందు పని చూడు."

"చేతులు పని చేస్తాయి, నోరు తిడుతుంది. నాకు రెండూ అలవాటే. ఈ చెత్తంతా పీకెయ్. గోటితో గీకు, స్క్రూడ్రైవరు పెట్టకు, వైర్లు తెగుతాయి. ఆ రాగి టేపు ఇలా పడెయ్."

"ఎంతసేపు పడుతుంది?"

"నువ్వు ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగితే అంత ఆలస్యం."

"ఇవాళ పోవాలక్కా. పూర్తిగా పోవాలి."

"ఎప్పటి నుంచో ఉన్న రొదే కదరా. ఇవాళే ఏం కొంపలంటుకున్నాయి?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే రేపు తీరిగ్గా చేద్దాం."

"అక్కా!"

"అరవకు. కత్తెర చేతిలో ఉంది. చెప్పు."

"ఇద్దరి పాట ఉంది కదా."

"నీ పెళ్ళాం పాడుతుంటే నువ్వొక్కడివే వాయిస్తావు, అదేనా? డ్రమ్ములు, కీబోర్డు అన్నీ ఆగిపోతాయి."

"అదే. చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది అందులో."

"అది పెళ్లికి ముందు నుంచీ ఉన్న పాటేగా. కొత్తేముంది?"

"ఈ మూల ఇంకా రేకు ముక్క ఉంది చూడు."

"రేకు సంగతి నేను చూసుకుంటా. నన్ను చూసి మాట్లాడు. మళ్లీ గొడవ పడ్డారా?"

"గొడవ పడితే బాగుండు."

"అంటే?"

"మాట్లాడుకుంటే కదా గొడవ."

"మాట్లాడుకోవట్లేదా మీరు?"

"మాట్లాడుకుంటాం. గ్యాసు అయిపోయింది. తలుపేశావా? వ్యాను వచ్చింది. ఇవన్నీ మాట్లాడుకుంటాం."

"ఒరేయ్!"

"నిన్న మాత్రం ఒక మాట అదనంగా అంది."

"ఏమంది?"

"రేపు స్టేజీ మీద కూడా వీపే చూపిస్తే ప్రోగ్రాం అయ్యాక ఇంటికి రాను అంది."

"వీపేంట్రా?"

"ఆ పాటప్పుడు అటు తిరిగి వాయిస్తున్నా. కొన్ని నెలలైంది."

"ఎటు?"

"తనకి వీపు పెట్టి."

"పక్కన పెళ్ళాం పాడుతుంటే వీపు పెట్టి వాయిస్తావా? జనం ముందా? ఎందుకూ?"

"రొదక్కా! ఇంకెందుకు? మా స్టేజీ లైట్ల పెట్టె వెయ్యగానే మొదలవుతుంది. అటు తిరిగితే ఆగుతుంది. నమ్మకపోతే చూడు, పెట్టె కూడా మోసుకొచ్చా, అదిగో."

"నమ్మకపోవడానికేముంది. పికప్పుకి ఆ గుణం ఉంది. తీగల కింద మోత పట్టే ఈ నల్ల ముక్క చూశావా, దీని లోపలంతా సన్నటి రాగితీగ చుట్టే. దానికి దిక్కు ఉంటుంది. ఒక పక్కకి తిరిగితే గుయ్ మంటుంది, ఇంకో పక్కకి తిరిగితే నోరు మూస్తుంది."

"అదే. నేను చెప్పేది అదే."

"మరి ఈ ముక్క నీ పెళ్ళాంతో చెప్పొచ్చు కదా?"

"అడిగితే కదా."

"అడక్కపోతే చెప్పకూడదా? నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోతాయా?"

"నీకు తెలీదులే."

"తెలిసేలా చెప్పు."

"నన్ను జోరీగ అంటారక్కా."

"ఎవరు?"

"అందరూ. మొన్న డ్రమ్ముల బాబాయి మనవరాలు కూడా 'జోరీగ మామయ్యా, బిస్కట్టు తింటావా' అంది. దానికి నా పేరు అదే అనుకుంటోంది."

"నవ్వు ఆపుకుంటున్నా, ఏమనుకోకు. ఎవరు పెట్టారు ఆ పేరు?"

"నీ మరదలే."

"ఎప్పుడు?"

"ఆ పాట మధ్యలో. హాలు నిండా జనం. గిటారు గుయ్ మంటోంది. పాట ఆపి మైకులో 'మా ఆయన గిటారులో జోరీగ దూరినట్టుంది, కాస్త ఓర్చుకోండి' అంది. అందరూ నవ్వారు. తనూ నవ్వింది."

"హాస్యానికి అని ఉంటుందిరా."

"హాస్యమే. నేనూ నవ్వాను."

"అందుకని వీపు తిప్పావు."

"రొద కోసం అని చెప్పానా లేదా!"

"సరే, సరే. బల్ల గుద్దకు, వేడి కడ్డీ ఉంది. ఆ ఎర్త్ వైరు పట్టుకో. ఇలా, ఈ రాగి మీద ఆనించి పట్టుకో. కదలకు."

"పూర్తిగా పోతే చాలక్కా. ఇవాళ ఇటు తిరిగి వాయిస్తా. రొద పోయింది, తిరిగాను. అంతే. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు."

"ఓహో, అదా నీ ఎత్తు! తప్పెవరిదో తేలక్కర్లేదు, ఎవరూ తగ్గక్కర్లేదు. నా రాగి టేపు నీ కాపురం నిలబెట్టాలి."

"నిలబెడుతుందా లేదా?"

"సగం నిలబెడుతుంది."

"సగమేంటి?"

"ఇందులో రెండు రొదలున్నాయిరా. ఒకటి చిరచిర మంటుంది, తీగల మీద చెయ్యి పెట్టగానే ఆగుతుంది. దాన్ని ఈ రాగి ఆపేస్తుంది. రెండోది గుయ్ మంటుంది, నువ్వు తిరిగితే ఆగేది. అది ఆ చుట్ట పడుతున్న రొద. దానికి రాగి పనికిరాదు. పికప్పే మార్చాలి."

"మార్చెయ్."

"కొట్లో లేదు. తెప్పించాలి, వారం పడుతుంది."

"అక్కా, నాకు వారం లేదు! ఇవాళ సాయంత్రం ఉంది, అంతే. ఏదో ఒకటి చెయ్యి."

"నేనేమైనా మంత్రగత్తెనా? ఉన్నదాంతో చేస్తున్నా కదా. వైరు కదపకు, సోల్డరింగ్ అంటట్లేదు. ఆ హారను మీ వ్యానుదేనా?"

"ఇంకా టైముంది కదా! బాబాయి అప్పుడే ఎందుకొచ్చాడు?"

"బాబాయి ఒక్కడే కాదురా. నీ పెళ్ళాం దిగుతోంది."

"నేను వెనక గదిలో ఉంటా."

"ఎందుకు? దాక్కోడానికా? కాలు కదిపావంటే ఈ కడ్డీతో వాత పెడతా. నిలబడు. రా అమ్మాయ్, రా. ఆ వైరు తొక్కకు."

"వదినా, మీ తమ్ముడు ఇక్కడికొచ్చాడా అని అడగడానికొచ్చా."

"నీ కళ్లెదుటే ఉన్నాడు కదే."

"ఇంట్లో గిటారు లేదు. లైట్ల పెట్టె లేదు. వంటింట్లో రేకు చుట్ట కూడా లేదు. ప్రోగ్రాం ఎగ్గొట్టి ఎటో పోయాడనుకున్నా."

"అక్కా, నేను ఎగ్గొట్టే మనిషిని కాదని చెప్పు."

"విన్నావుగా అమ్మాయ్? ఎగ్గొట్టే మనిషి కాదట."

"అరగంటలో బయల్దేరాలని బాబాయి అంటున్నాడు. వస్తాడో రాడో కనుక్కోండి వదినా."

"వస్తానని చెప్పక్కా."

"మీ ఇద్దరికీ మధ్య మూరెడు జాగా లేదు. ఆ మూరెడులో నన్ను పోస్టుమేన్ని చేశారు. అమ్మాయ్, ఆ స్టూలు మీద కూర్చో."

"కూర్చోను వదినా. వ్యానులో కూర్చుంటా."

"ఆగు. ఆ వ్యానులో డ్రమ్ముల మీద ఎర్ర పెట్టె ఎవరిది?"

"నాదే."

"ప్రోగ్రాంకి బట్టల పెట్టె దేనికే?"

"ప్రోగ్రాం అయ్యాక అటు నుంచి అటే మా అక్క వాళ్లింటికి వెళ్తా. మీ తమ్ముడికి నిన్ననే చెప్పాను."

"వీపు చూపిస్తేనే వెళ్తానన్నావట కదా. చూపించకముందే సర్దేశావా?"

"ఆయన సంగతి నాకు తెలుసు వదినా."

"విన్నావా అక్కా? ముందే తేల్చేసుకుంది. ఇంక నేను ఎటు తిరిగితే ఏంటి?"

"నువ్వు కాసేపు నోరు మూసుకో. ఒసేయ్ పిచ్చిదానా, వాడు నీ మొహం చూళ్లేక తిరగట్లేదే."

"అక్కా, వద్దు."

"వద్దేంటి? పెట్టె సర్దుకుని వాకిట్లో నిలబడింది, ఇంకా వద్దంటావేంటి? అమ్మాయ్, విను. ఈ గిటారులో రొద ఉంది. నీకూ తెలుసు, మైకులో చెప్పింది నువ్వే కదా. అది వాడు అటు తిరిగితే ఆగుతుందట. నీ పాట పాడవకూడదని తిరుగుతున్నాడు."

"రొద కోసమా?"

"రొద కోసమే."

"ఇన్ని నెలల నుంచీ?"

"ఇన్ని నెలల నుంచీ."

"మీ తమ్ముణ్ని వెనకేసుకురాకండి వదినా. ఎన్ని ఊళ్లు తిరిగాం, ఎన్ని స్టేజీలు ఎక్కాం! ప్రతిచోటా రొద లేని వైపు నాకు వీపు పెట్టే వైపేనా? భలే దొరికిందే!"

"అక్కా, లైట్ల పెట్టె ఎప్పుడూ ఎక్కడ పెడతామో అడుగు."

"ఎక్కడ పెడతారే?"

"నా పక్కన."

"ప్రతిచోటా?"

"ప్రతిచోటా. నా కుడి చేతి వైపు. బాబాయి డ్రమ్ములు ఎడమ పక్కన కాబట్టి."

"చూశావా? రొద పుట్టేది ఎప్పుడూ నీ పక్క నుంచే. అందుకే వాడు ఎప్పుడూ ఒకే వైపు తిరగాల్సొస్తోంది."

"నేను ఆ పాట కళ్లు మూసుకుని పాడుతున్నా వదినా. జనం నేనేదో లీనమైపోయాననుకుంటున్నారు. చప్పట్లు కొడుతున్నారు. కళ్లు తెరిస్తే చొక్కా వీపు కనిపిస్తుంది. దానికేసి చూస్తూ 'నువ్వుంటే చాలు' అని ఎలా పాడను? గొంతు రావట్లేదు. మొన్న రెండో చరణం సగంలో మింగేశాను. ఎవరూ గమనించలేదు. మీ తమ్ముడూ గమనించలేదు."

"గమనించానక్కా."

"గమనించాడట."

"గమనించి కూడా తిరగలేదు!"

"అమ్మాయ్, ఎందుకిలా నిలబడుతున్నావని నువ్వయినా అడగొచ్చు కదే?"

"అడగలేదు. నాకూ పౌరుషం ఉంది."

"ఉంది, ఉంది. మీ ఇద్దరి పౌరుషం కలిపితే వీధంతటికీ కరెంటు ఇవ్వొచ్చు."

"తప్పు చేసింది ఆయన, అడగాల్సింది నేనా అనుకున్నా. రొద సంగతి నాకేం తెలుసు?"

"జోరీగ అని పేరు పెట్టిన మనిషికి రొద సంగతి తెలీదట అక్కా."

"ఓహో, అదా! వదినా, ఆ మాట ఇంకా మనసులో పెట్టుకున్నాడా?"

"పెట్టుకోడా మరి? పిల్లలు కూడా అదే పేరుతో పిలుస్తుంటే."

"ముందు వరసలో ఇద్దరు లేచి నిలబడి ఆయన కేసి వేలు చూపిస్తున్నారు వదినా. 'ఎవడ్రా వాడు, దింపేయండి' అంటున్నారు. ఆయన తల వంచుకుని వాయిస్తున్నాడు, చూళ్లేదు. నవ్విస్తే కూర్చుంటారని నోటికొచ్చింది అనేశా. కూర్చున్నారు. ఆ పేరు ఇలా అంటుకుపోతుందని కల గన్నానా?"

"ఇది నీకు తెలుసురా?"

"వేలు చూపించారా? నాకు తెలీదు."

"పాట అయ్యాక చెబుదామనుకున్నా. దిగేసరికి బాబాయి జోరీగ, జోరీగ అని అందరి ముందూ మొదలెట్టాడు. ఆయనా నవ్వుతున్నాడు. సరే, బాధ లేదేమో అనుకున్నా. ఆ తర్వాతి ప్రోగ్రాంలో చూస్తే వీపు!"

"అయిపోయింది కదే ఇప్పుడు. తెలిసింది కదా. దా, కూర్చో. ఒరేయ్, ఆ మూత ఇలా ఇవ్వు. స్క్రూలు ఎక్కడ పెట్టావు?"

"నీ చేతి కిందే ఉన్నాయి."

"ఆఁ. ఇదిగో, అయిపోయింది. ప్లగ్గు గుచ్చు. యాంప్లిఫయర్ వేస్తున్నా. లైట్ల పెట్టె అమ్మాయి పక్కన పెట్టు, స్టేజీ మీద ఎలా ఉంటుందో అలాగే. వెయ్. ఏదీ, వాయించు."

"వాయిస్తున్నా."

"గట్టిగా."

"వాయిస్తున్నానక్కా! ఏం రావట్లేదు."

"సౌండు తగ్గించి ఉందేమో చూడు."

"పూర్తిగా పెంచే ఉంది. చచ్చిపోయింది అక్కా!"

"వదినా, రొద తీయమంటే గొంతే తీసేసినట్టున్నారు."

"నువ్వుండవే. ఇందాక మూత వెయ్యకముందు వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయిరా, నేను చూశా కదా. మూత వెయ్యగానే ఏమైంది?"

"బయట బాబాయి హారను కొడుతున్నాడు. అక్కా, త్వరగా!"

"కొట్టనీ. మూత తియ్యి. ఇప్పుడు వాయించు. మోగిందా?"

"మోగింది."

"పెట్టు. ఇప్పుడు?"

"పోయింది. ఏంటిది, దెయ్యం పట్టిందా దీనికి?"

"దెయ్యం కాదు, నా తొందరే. ప్లగ్గు గుచ్చే చోట వెనకాల ఈ నాలుక ఉంది చూడు, గిటారు గొంతంతా దీని మీంచే బయటికి పోతుంది. మూత నొక్కగానే ఇది వంగి రాగికి తగులుతోంది. సౌండు కూడా రొదతో పాటు ఎర్త్‌లోకి దిగిపోతోంది. ఆ నల్ల టేపు ఇవ్వు. రెండు వరసలు వేద్దాం. ఇంక తగల్దు. మళ్లీ వెయ్యి మూత."

"వేశా."

"వాయించు."

"వచ్చింది! వచ్చిందక్కా!"

"అమ్మయ్య. ఇప్పుడు తీగల మీంచి చెయ్యి తియ్యి. చిరచిర ఉందా?"

"లేదు. అస్సలు లేదు."

"అది పోయినట్టే. ఇక రెండోది. పక్కకి తిరుగు. కిటికీ వైపు."

"అదిగో, గుయ్ మంటోంది. విన్నావా అక్కా?"

"వింటున్నా. నువ్వూ విను అమ్మాయ్."

"వింటున్నా వదినా. ఇదేనా?"

"ఇదే. ఇంక అటు తిరుగు, గోడ వైపు. పూర్తిగా, నీ పెళ్ళానికి వీపు వచ్చేలా. ఆఁ."

"ఆగిపోయింది వదినా!"

"చెప్పాడు కదే."

"నిజంగానే ఆగిపోయింది. నేనేమో... వదినా, నేను పెట్టె కూడా సర్దుకున్నాను. పొద్దున్న సర్దుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. అప్పుడు కూడా చెప్పలేదు."

"మావాడి నోరు అంత మంచిది."

"ఏయ్, నిన్నే. నీతోనే మాట్లాడుతున్నా. ఇంక మధ్యలో వదిన ఎందుకు? నా మీద కోపంతో కాదా తిరిగింది?"

"రొద వస్తుందని."

"నా పాట పాడవకూడదని?"

"ఊఁ."

"ఆ మాట అనడానికి ఇన్ని నెలలా? ఎంత ఏడ్చానో తెలుసా? స్నానాల గదిలో నీళ్లు వదులుకుని ఏడ్చాను, నీకు వినపడకూడదని. సరే, నాదే తప్పు. హాలు మొత్తం ముందు నిన్ను నవ్వులపాలు చేశాను. ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇవాళ పాట ముందు మైకులోనే చెప్తా, ఈయన పేరు జోరీగ కాదు అని."

"వద్దు, వద్దు. ఇంకేం చెప్పకు మైకులో."

"చెప్పనులే. బాబాయ్! ఓ బాబాయ్! ఆ ఎర్ర పెట్టె దింపి వదిన కొట్లో పెట్టండి. ఆఁ, దింపండి. రేపు తీసుకెళ్తాం. నేను వెళ్లట్లేదు."

"బతికించావే తల్లీ. ఇంక పదండి, పదండి. గిటారు సంచీలో పెట్టరా."

"ఇవాళ కూడా అటే తిరిగి వాయించు. నేనేం అనుకోను. నీ వీపు చూసుకుంటూనే పాడతా, కళ్లు తెరుచుకుని. మింగకుండా పాడతా, చూడు."

"అవసరం లేదులే... నేను..."

"ఏంటి?"

"ఏం లేదు. పద."

"ఆగు. సంచీలో పెట్టకు. ఒక్కసారి నా వైపు తిరుగు."

"ఎందుకు?"

"తిరిగితే ఎంత రొద వస్తుందో వింటా. దేన్నుంచి నన్ను కాపాడుతున్నావో నేను వినొద్దా?"

"ఇందాక విన్నావు కదా."

"అది కిటికీ వైపు. నా వైపు ఎంతొస్తుందో వినలేదు."

"అంతే వస్తుంది. పద, టైమైంది."

"ఒక్క క్షణం. తిరుగు."

"అమ్మాయ్, పోనీవే, బాబాయి గొడవ చేస్తున్నాడు. ఇదిగో, నేను యాంప్లిఫయర్ ఆపేస్తున్నా."

"ఆపకండి వదినా. ఎందుకు ఆపుతారు? మీరిద్దరూ అలా మొహాలు చూసుకుంటారేంటి?"

"మేమేం చూసుకున్నాం?"

"ప్లగ్గు వదులు. గిటారు పట్టుకో. ఇటు తిరుగు."

"నువ్వు సంతోషంగా ఉన్నావు కదా ఇప్పుడు. ఎందుకిదంతా?"

"సంతోషంగానే ఉన్నా. అందుకే అడుగుతున్నా. తిరుగు."

"తిరిగా."

"పూర్తిగా. నా మొహం కనపడాలి నీకు."

"కనపడుతోంది."

"తీగల మీంచి చెయ్యి తియ్యి."

"తీశా."

"వదినా, యాంప్లిఫయర్ ఆన్‌లోనే ఉందా?"

"ఉందమ్మా."

"లైట్ల పెట్టె?"

"నీ పక్కనే వెలుగుతోంది."

"సౌండు పెంచండి."

"పెంచాను. ఇంతకంటే లేదు."

"మరి రొద ఏదీ? వదినా, మీకు తెలుసు. చెప్పండి."

"ఆ చుట్టకి ముందూ వెనకా ఒకటేనే. వీపు పెడితే ఆగేది ఎదురుగా తిరిగినా ఆగుతుంది. పక్కలకి, జనం వైపుకి తిరిగితేనే రొద."

"ఇది నీకు తెలుసా? వదిన కేసి చూడకు, నన్ను చూడు. నా వైపు తిరిగి ఎప్పుడైనా విన్నావా?"

"విన్నాను."

"ఎప్పుడు?"

"మొదటి రోజే. నువ్వు కళ్లు మూసుకుని ఉన్నావు."

"రొద లేదని తెలిసి కూడా మళ్లీ అటు తిరిగావా?"

"తిరిగాను."

"ఎందుకు?"

"ఈ మాట ఆ రోజే అడుగుతావనుకున్నాను."